అతని వీపు

భర్త వీపు ఇలా ఉంటుందని సూరాన్‌కు ఈ ఉదయం దాకా తెలియదు. స్నానాల గదిలో రుద్దిన వీపు తెలుసు, అలిగి గోడవైపు తిరిగి పడుకున్న వీపు తెలుసు, జ్వరంలో తడిగుడ్డతో తుడిచిన వీపు తెలుసు. కానీ సైకిలు మీద ఉన్న వీపు, కాస్త ముందుకు వంగి, భుజాలు ఒకదాని వెనక ఒకటి నింపాదిగా కదులుతూ, నది మీంచి గాలి కొట్టినప్పుడల్లా నీలం చొక్కా బెలూనులా ఉబ్బుతూ పోయే ఈ వీపు ఆమెకు కొత్త. ఎలా తెలుస్తుంది మరి? ఇన్నేళ్ళూ జంట సైకిలు మీద ముందు సీటు ఆమెదే. చూపున్న మనిషి ముందు కూర్చోవాలి, చూపు లేని మనిషి వెనక. గీహాన్ ఎప్పుడూ ఆమె వెనకే ఉన్నాడు, ఒక ఊపిరిగా, పెడళ్ళ మీద ఒక బరువుగా, "ఊఁ, ఆ తర్వాత?" అని అడిగే ఒక గొంతుగా. ఇవాళ ముందు సీటు మీద మల్సూన్ కూర్చుంది. సూరాన్ వాళ్ళ వెనక కారు నడుపుతోంది, పక్క సీట్లో కింబాప్ అన్నపుచుట్టల డబ్బా, బార్లీ టీ ఫ్లాస్కు పెట్టుకుని, కిటికీ అద్దం దించి, కారు కారులా కాక ఎద్దుబండిలా పోతుంటే. దారిలో తినడానికి ఏమైనా ఉండాలి కదా, అందుకే వస్తున్నానంది. గాలి పంపు కూడా పెట్టుకుంది, ఎందుకైనా మంచిదని. "నీకెందుకు శ్రమ" అన్నాడతను. ఆ మాటలో ప్రేమ ఎంత, వద్దనడం ఎంత అని నిన్నంతా తూచుకుంటూనే ఉంది.

ఎడమపక్క సొమ్‌జిన్ నది. అవతలి ఒడ్డున జిరి కొండ కింద పెద్ద రోడ్డుంది, బస్సులూ లారీలూ పూలు చూడ్డానికి వచ్చే జనమూ అంతా అటే. ఇవతల పేగున్ కొండ పాదాల వెంట పోయే ఈ సన్నని రోడ్డు మీద చెర్రీ పూలరెక్కలు రాలి, వానకు తడిసి, మట్టిలో కలిసి గోధుమరంగు తిరిగాయి. ఒక్క బండి లేదు. ఉండదు. ఉండదు కాబట్టే ఈ రోడ్డును తను ఏరుకుంది. అవును, తనే. గీహాన్‌కు చూపు అంచుల నుంచి నలుపెక్కుతూ వచ్చి చివరికి మధ్యన మిగిలిన ఆ నాణెమంత వెలుగు కూడా పోయిన ఏడాది, అతను వచ్చినవాళ్ళకు మర్దన చేసే గదికీ పడగ్గదికీ మధ్య తప్ప ఎక్కడికీ కదలని ఏడాది, సున్‌చొన్‌లో ఎవరో మూలన పడేసిన జంట సైకిలు తెచ్చింది తను. బడి మైదానంలో ఇసుక బస్తాను వెనక కట్టుకుని నేర్చుకుంది తను, ఎన్నిసార్లు పడిందో. లారీ చప్పుడొస్తే అతని ఒళ్ళంతా కొయ్యబారిపోతుందని లారీలు రాని దారి కోసం ఆదివారాలన్నీ ఈ లోయలో తిరిగింది తను. మేసిల్ పళ్ళ తోటల మీదుగా, వెదురు గుబురు పక్కనుంచి, నది వదిలి కుడికి మళ్ళి, వాగు వెంట ఎత్తెక్కి, మళ్ళీ పల్లంలో నది దగ్గరికి దిగి, వంతెన దాటితే హ్వాగే సంత. ఈ వంపులన్నీ తను పోగుచేసినవి. ఇప్పుడు వేరొకరి కాళ్ళు వాటి మీద తిరుగుతున్నాయి, తన బట్టల పెట్టె ఇంకొకరు తెరిచి మడతలు చూస్తున్నట్టు. ఛీ, పాడు బుద్ధి. ఆవిడ డబ్బు తీసుకోవడం లేదు, బలవంతం చేయడం లేదు, ఊరికే సాయం చేస్తోంది. సాయం చేసేవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోవడమే అసలు బాధ.

మోకాలు ఇలా అవకుండా ఉంటే. చలికాలం ముందు మెట్లు దిగుతుంటే ఏదో గులకరాయి నలిగినట్టు చప్పుడైంది. గీహాన్ రెండు బొటనవేళ్ళతో అటూ ఇటూ నొక్కి చేతులు వెనక్కి తీసుకున్నాడు, దానర్థమేమిటో ఆమెకు తెలుసు. ఆస్పత్రిలో మోకాలి గుజ్జు అరిగిందన్నారు, సైకిలు ఊసెత్తవద్దన్నారు. ఆ చలికాలమంతా జంట సైకిలు దుప్పటి కప్పుకుని వరండాలో పడుంది. అతను దాని పక్కగా వెళ్ళినప్పుడల్లా గంట మీద వేలు వేసేవాడు, మోగనిచ్చేవాడు కాదు. అది చూడలేక, ముందు సీటుకు మనిషి కావాలని సంక్షేమ కేంద్రానికి ఫోను చేసింది కూడా తనే! ఎవరో ఒక కుర్రాడొస్తాడనుకుంది, కాలేజీ కుర్రాడు, రెండుసార్లు వచ్చి మానేసేవాడు. వచ్చింది మల్సూన్. కొండ పల్లెల మధ్య తిరిగే చిన్న బస్సు నడిపి రిటైరైన మనిషి, సూరాన్ కంటే పెద్దది, వెడల్పాటి నడుము, మగవాడి పిక్కలు, ఎండకు మాడిన మొహం. గుమ్మంలో నిలబడి నమస్కారం పెట్టి, "నాకు కబుర్లు చెప్పడం రాదు. రోడ్డు చూడ్డం వచ్చు" అంది. సూరాన్ ఆ రోజు మనసులో సంబరపడింది. నోరు లేని మనిషితో గీహాన్ ఒక్క ఆదివారం కూడా గడపలేడు, తిరిగొచ్చి నువ్వుంటేనే బాగుంటుందంటాడు, అనుకుంది.

ఎందుకంటే తను చెప్పేది. నోరు మూయకుండా చెప్పేది. ఎడమపక్క నది, నదిలో కొంగ, కొంగ ఒంటికాలి మీద, ముందు గతుకు, కుడిపక్క పసుప్పచ్చ టోపీ పెట్టుకున్న అవ్వ, అవ్వ చేతిలో ఆకుకూర, ఇప్పుడు గేరు మారుస్తున్నా, అదుగో మబ్బు కొండ నడుముకు చుట్టుకుంది. అతని కోసం రెండు కళ్ళనూ నాలుక మీదికి తెచ్చుకుంది. ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయేది, అల్లం టీ తాగేది, ఆ బొంగురు గొంతును పతకంలా మెడలో వేసుకుని సాయంత్రమంతా తిరిగేది. మరి మల్సూన్‌తో వెళ్ళిన మొదటిరోజు అతను తిరిగొచ్చి ఏమన్నాడు? చెప్పులు కూడా విప్పకముందే, "నీకు తెలుసా, టీ తోట దాటాక రోడ్డు కింద నీళ్ళు పారుతున్నాయి. చప్పుడు ముందు కుడిచెవికి వినపడి, కాళ్ళ కిందనుంచి పోయి, ఎడమచెవిలోంచి బయటికొస్తుంది" అన్నాడు. తెలియదు. ఎన్నిసార్లు పోయిందో ఆ తూము మీదుగా. ఇంకోసారి, వెదురు గుబురు రాకముందే గాలి చల్లబడుతుంది అన్నాడు. మరోసారి, ఒక పల్లెలో ఇంటింటికీ కుక్క మారుతుంది, గొంతుల్ని బట్టి ఊరు ఎంత పొడవో చెప్పొచ్చు అన్నాడు. అన్నీ అన్నంలో నంజుకుంటున్నట్టు ఒక్కొక్కటే చెప్పాడు. "ఇవన్నీ ఆవిడ చెప్పిందా?" అంది సూరాన్. "ఆవిడేం చెప్తుంది? నోరే విప్పదు. గతుకొస్తే నాలుకతో టక్కుమంటుంది, అంతే." టక్. ఆ టక్ చెప్పేటప్పుడు అతని మొహంలో ఒక మురిపెం కదిలింది. సూరాన్ పళ్ళెంలో కిమ్చీ పచ్చడి ముక్కను చాప్‌స్టిక్కులతో రెండుగా చీల్చబోయి నాలుగు చేసింది.

ఇంకా ఏమన్నాడు? ఆవిడ ఊపిరి చాలా లోతు, ఎత్తు ఎక్కేటప్పుడు కూడా తొందరపడదు, అన్నాడు. మర్దన చేసేవాడు మనుషుల ఊపిరి గురించి మాట్లాడటం వృత్తిలో మామూలే. రోజంతా ఎవరెవరి వీపులో అతని చేతుల కింద ఉంటాయి, ఫోనులో వాళ్ళకు వేళలు ఇచ్చేది తనే. అయినా ఆ మాట విన్నప్పటినుంచి వంటగదిలో గిన్నెలు కడుగుతూ తన ఊపిరి తను వింటోంది. పొట్టిగా ఉంది. చెల్లెలు సూమీకి ఫోను చేసి చెప్పుకోబోతే అది తన సెలూన్‌లో ఎవరి జుట్టుకో రంగు వేస్తూ పగలబడి నవ్వింది. "అక్కా, బావ ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ఆడాళ్ళందరి నడుములూ పిసుకుతున్నాడు, నీకు చీమ కుట్టినట్టయినా లేదు. ఇప్పుడు ఆ రుబ్బురోలు లాంటి డ్రైవరమ్మ సైకిలు తొక్కితే కుళ్ళుకుంటున్నావా?"

"కుళ్ళు కాదే."

"మరేంటి, అజీర్తా?"

కుళ్ళే. పేరు పెట్టి పిలిస్తే ఏం తగ్గుతుంది, ఏం పెరుగుతుంది. ఆవిడ అందగత్తె అయినా బాగుండేది, ఊరంతా అర్థం చేసుకునేది, చెల్లెలు కూడా అయ్యో అక్కా అనేది. రుబ్బురోలు లాంటి మనిషి మీద, అదీ ఏమీ చెయ్యని, ఏమీ మాట్లాడని మనిషి మీద వచ్చే అసూయను ఎవరి ముందు పెట్టాలి? అదిగో వెదురు గుబురు. ఇంకా చాలా దూరముంది. గీహాన్ తల అప్పుడే అటు తిరిగింది. నిజమే అన్నమాట, చల్లగాలి ముందే తగులుతుంది కాబోలు, అతని మెడ మెల్లగా, పొద్దుతిరుగుడు పువ్వులా వెదురు వైపు తిరిగి, గుబురు దాటేదాకా అటే ఉండి, మళ్ళీ తిన్నగా అయింది. ఇన్నేళ్ళూ తను "కుడిపక్క వెదురు" అని అరిచేసరికి అతనక్కడికి ముందే చేరి ఉండేవాడన్నమాట. అయినా "ఓహో, వెదురా" అనేవాడు. ఎందుకనేవాడు? తన మనసు నొచ్చుకుంటుందనా? ఆ "ఓహో"లన్నీ ఇప్పుడు వరసగా గుర్తొస్తుంటే చెంపలు మండుతున్నాయి. మల్సూన్ వీపు మాత్రం అలాగే గోడలా ఉంది, తల తిప్పదు, పలకదు. వాళ్ళిద్దరి కాళ్ళు ఒకే గొలుసుకు కట్టి ఉండబట్టి ఒకేసారి లేస్తాయి, ఒకేసారి దిగుతాయి. అది యంత్రం, అందులో ఏముంది, ఎవరు కూర్చున్నా అలాగే దిగుతాయి, అని తనకు తనే చెప్పుకుంది. చెప్పుకున్నకొద్దీ ఆ నాలుగు కాళ్ళ మీదినుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

కుడికి మళ్ళారు. వాగు వెంట ఎత్తు మొదలైంది. ఇక్కడ తను ఆయాసపడేది, ఆయాసంలోనూ మాట్లాడేది, సగం సగం ముక్కలుగా. వాళ్ళు మాట లేకుండా ఎక్కుతున్నారు. మల్సూన్ గేరు మార్చే ముందు ఎడమ భుజం ఒక్కసారి దించుతుంది, పెడళ్ళ మీద ఆ కాస్త సడలింపు తెలిసి వెనక అతనూ కాలు తేలిక చేస్తాడు. పెళ్ళిళ్ళలో కొత్త దంపతులు ఒకరికొకరు వంగి నమస్కరించుకున్నట్టుంది. పెళ్ళినాడు గీహాన్ తను వంగకముందే వంగిపోయి టోపీ జారిపడి, వచ్చినవాళ్ళంతా నవ్వారు. అప్పుడు కళ్ళు బాగానే కనపడేవి. తనవంక చూసి అతనూ నవ్వాడు. ఆ చూపు తను దాచుకుంది. అతని దగ్గర తన మొహం ఏ వయసులో ఆగిపోయి ఉందో ఎప్పుడూ అడగలేదు. మల్సూన్ మొహమైతే అతని దగ్గర లేనేలేదు, ఊపిరీ ఒక టక్కూ తప్ప. అది తలుచుకుంటే కాస్త ఊరట కలగాలి. కలిగింది. అంతలోనే పోయింది, ఎందుకంటే మొహం ముసలిదవుతుంది గాని ఊపిరి ఇవాళ్టిది.

మలుపు తిరిగి ఎత్తు అంచున రోడ్డు పల్లానికి వాలింది. కింద నది మళ్ళీ కనపడింది, వెడల్పుగా, ఇసుక మేటల మధ్య పాయలు పాయలుగా. కొత్తగా వేసిన తారు, నున్నగా, తిన్నగా, చివరిదాకా ఖాళీ. సైకిలు జారడం మొదలైంది, కారు కూడా బ్రేకు వదిలింది. అప్పుడు చూసింది. గీహాన్ కుడిచెయ్యి హ్యాండిల్ వదిలింది. దాని వెనకే ఎడమచెయ్యి. రెండూ మెల్లగా పక్కలకు లేచాయి, భుజాల దాకా, వేళ్ళు విప్పుకుని, మొహం ఆకాశంలోకి ఎత్తి, నోరు తెరిచి, ఆ వీపు, తను ఇన్నేళ్ళూ వెనక మోసుకుని తిరిగిన ఆ వీపు, నిటారుగా, ఇరవై ఏళ్ళవాడి వీపులా నిలబడింది. నాతో ఎప్పుడూ ఇలా లేడు. పడిపోతాడు. నాతో ఎప్పుడూ. పడిపోతాడు. చెయ్యి హారన్ మీద పడింది.

లోయంతా ఆ మోతే. గీహాన్ రెండు చేతులూ ఒక్కసారి హ్యాండిల్ కోసం వెతుక్కున్నాయి, బరువు ఒక పక్కకు ఒరిగింది, సైకిలు పాములా రెండు మెలికలు తిరిగింది, మల్సూన్ బ్రేకులు నొక్కి నొక్కి దాదాపు ఆపేసింది. చివర్లో మెల్లగా, కూలిపోవడం ఇష్టం లేని గోడలా, ఇద్దరూ రోడ్డు పక్క గడ్డిలోకి ఒరిగిపోయారు.

సూరాన్ కారు ఎలా ఆపిందో, మోకాలు ఎలా పరుగెత్తనిచ్చిందో తెలియదు. ఆమె చేరేసరికి గీహాన్ గడ్డిలో చేతులతో తడుముతున్నాడు. "మల్సూన్ గారూ! మల్సూన్ గారూ, దెబ్బ తగిలిందా?" అతని నోటి వెంట వచ్చిన మొదటి మాట అది. సూరాన్ అక్కడే ఒక్క క్షణం ఆగిపోయింది. అతని మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది, దాన్ని చూస్తూ కూడా ఆగిపోయింది. ఆ క్షణం ఆమెకు ఆమె బొత్తిగా నచ్చలేదు.

మల్సూన్ లేచి కూర్చుని కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుంది. "బతికే ఉన్నా మాస్టారూ. మీరు కదలకండి." తర్వాత సూరాన్ వైపు తిరిగింది. నోరు లేదనుకున్న మనిషి. "ఏమ్మా, ఎవరు కొట్టమన్నారమ్మా ఆ హారన్? జీవితమంతా బస్సు నడిపాను. రోడ్డు మీద మిరపకాయలు ఎండబోసి నట్టనడుమ కూర్చున్న అవ్వల మీద కూడా హారన్ కొట్టలేదు, తెలుసా? దిగి వెళ్ళి, అవ్వా కాస్త జరుగు, అనేదాన్ని. కళ్ళు లేని మనిషి వీపు మీద కొడతావా?"

"చేతులు వదిలేశాడక్కా. భయమేసింది."

"నేనే వదలమన్నా. రోడ్డు బాగుంది, ఎవరూ లేరు, ఇక్కడైతే వదలొచ్చు మాస్టారూ, అన్నాను."

అయితే మాట్లాడింది. ఇంత దారిలో ఒక్కటే మాట, అదీ ఆ మాట. సూరాన్ భర్త పక్కన కూలబడి అతని మోచెయ్యి తుడుస్తూ ఉంటే, అతను గడ్డిపరకలు దులుపుకుంటూ, "చిన్నప్పుడు కరకట్ట మీద అలా తొక్కేవాణ్ణి. బడి నుంచి ఇంటిదాకా చేతులు వదిలే. ఒకసారి ఆవిడతో అన్నాను" అన్నాడు.

"నాతో అనలేదేం?"

"అనలేదా?" అతను నిజంగానే ఆలోచించాడు. "నీతో వెళ్ళేటప్పుడు నా మాటకు సందెక్కడుండేది?" అని నవ్వాడు. కోపం లేదు అందులో, దెప్పు కూడా లేదు, ఇవాళ గాలి బాగుంది అన్నట్టు అన్నాడు. కోపంగా అని ఉంటే జవాబుండేది ఆమె దగ్గర, అల్లం టీలన్నీ లెక్కచెప్పి ఉండేది. భయమే వేసిందా తనకు? ఆ చేతులు అలా రెక్కల్లా లేచినప్పుడు తన లోపల లేచింది భయమేనా? హారన్ మీద పడిన చేతికే తెలియాలి. అది ఇప్పుడు అమాయకంగా అతని మోచేతికి గుడ్డ కడుతోంది.

మల్సూన్ మణికట్టు ఉబ్బుతోంది. గీహాన్ వేళ్ళతో తడిమి, ఎముక విరగలేదు, బెణికింది, కానీ హ్యాండిల్ పట్టుకోవడానికి లేదు, అన్నాడు. అతని వేళ్ళు ఆ మణికట్టు మీద ఉన్నంతసేపూ సూరాన్ కారులోంచి తెచ్చిన ఫ్లాస్కు మూత బిగించి విప్పి బిగించింది. జంట సైకిలు కారులో పట్టదు. వంతెన అవతల సంతలో వైద్యుడున్నాడు, వ్యాను దొరుకుతుంది, అక్కడిదాకా పోవాలి. "ఒంటిచేత్తో కారు నేను తెస్తా" అంది మల్సూన్. "మీరిద్దరూ సైకిలు తెండి. ఇక అంతా చదునే."

"నా మోకాలు..."

"నువ్వు కాళ్ళు పెట్టి కూర్చో చాలు" అన్నాడు గీహాన్. "నేను తొక్కుతా."

ముందు సీటు ఎత్తు పెంచి ఉంది. మరలు వదులు చేసి, తన గుర్తు దాకా దించుకుంది. తోలు ఇంకా వెచ్చగా ఉంది, ఇంకొకరి వెచ్చదనం, దాని మీద కూర్చోవడానికి ఒక క్షణం తటపటాయించింది. తర్వాత అతను వెనక ఎక్కాడు. ఆ బరువు, ఆ ఊగు, గొలుసు బిగిసిన ఆ చిన్న చప్పుడు. పెడళ్ళు తిరిగాయి, వాటితో పాటు తన కాళ్ళూ తిరిగాయి, బలం పెట్టకుండానే, అతని బలంతోనే, మోకాలు కిక్కురుమనలేదు. ఎవరో తన కాళ్ళను తీసుకుని నడిపిస్తున్నట్టుంది. ఇన్నాళ్ళకు నదిగాలి మొహానికి తగిలింది. నా చోటు. నోరు తెరిచింది, అదిగో ఎడమపక్క, అనబోయి మింగేసింది. ముందు గతుకుంది. నాలుక అంగిలికి తగిలి టక్కుమనబోయింది. ఛీ, చచ్చినా అది తను అనదు. "గతుకు" అంది. దాటారు. తర్వాత ఏమీ అనలేదు. ఆ ఖాళీ ఎంత పెద్దదో! అందులో చక్రాల చప్పుడు, అతని ఊపిరి, ఎక్కడో కోడి. అతను ఆ ఖాళీలో ఏదైనా వేస్తాడని ఎదురుచూసింది, కరకట్ట గురించి, బడి గురించి, తనకు తెలియనిది ఏదైనా. చాలాసేపటికి, "నది దగ్గరికొచ్చింది" అన్నాడు. "ఊఁ" అంది. అదే మొదటిసారి కాబోలు అతను చెప్పడం, తను ఊకొట్టడం. ఆనందపడాలి తను. పడుతోంది కూడా. అంతలో పెడళ్ళ మీద బరువు కాస్త మారినట్టయింది. వెనక ఏదో తేలికైంది. చేతులు హ్యాండిల్ మీదే ఉన్నాయా? మొహం ఎటు తిప్పాడు? వీపు ఎలా ఉంది ఇప్పుడు? ఆ ఉదయమంతా తను చూస్తూ వచ్చిన మనిషి, ఈ సీటు ఎక్కిన క్షణం నుంచి కనపడకుండా పోయాడు. వెనక్కి తిరిగితే సైకిలు ఒరుగుతుంది. హ్యాండిల్‌కు తగిలించిన చిన్న గుండ్రటి అద్దంలోకి చూసింది. అందులో అతను పట్టడు, రోడ్డు పడుతుంది, రోడ్డు మీద మెల్లగా వస్తున్న కారు పడుతుంది, కారు అద్దం వెనక మల్సూన్ మొహం. ఒంటిచేత్తో స్టీరింగు పట్టుకుని, కళ్ళు వాళ్ళ మీదే పెట్టి, ఆ రుబ్బురోలు మొహం ఇంతింతై నవ్వుతోంది. సూరాన్ హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, అతని కాళ్ళు తిప్పినట్టల్లా తన కాళ్ళు తిరుగుతుండగా, వంతెన వైపు తిన్నగా చూస్తూ, వెనక కారులో ఆ మనిషి ఏం చూసి అంత నవ్వుతోందోనని కుతకుతలాడిపోయింది.